నా పేరు చెప్పడానికి నాలుగు సెకన్లు

డిగ్రీ మొదటి రెండేళ్లు నా దగ్గర బస్ పాస్ ఉండేది. చూపిస్తే చాలు, నోరు తెరవాల్సిన పని లేదు. ఫైనలియర్‌లో ఉండగా, 2023 డిసెంబర్‌లో, తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. మా కాలనీ ఆంటీలంతా సంబరపడ్డారు. నేను మాత్రం భయపడ్డాను. ఎందుకంటే ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవాలంటే కండక్టర్ ఒక మాట అడుగుతారు. "ఎక్కడికమ్మా?"

నేను దిగాల్సింది పటాన్‌చెరులో. నాకు 'ప' రాదు. రాదంటే పలకడం తెలియక కాదు. గదిలో ఒక్కదాన్నే ఉంటే వందసార్లు అంటాను. ఎదురుగా ఒక మనిషి ఉండి, జవాబు కోసం నా మొహం చూస్తుంటే మాత్రం పెదాలు రెండూ అతుక్కుపోతాయి. గాలి గొంతులోనే ఆగిపోతుంది. అందుకే "రామచంద్రాపురం" అనేదాన్ని. అక్కడ దిగి, మిగతా దూరం షేర్ ఆటోలో వెళ్లేదాన్ని. సర్కారు ఉచితంగా ఇచ్చిన ప్రయాణానికి రోజూ డబ్బులు కట్టిన ఆడపిల్లని బహుశా నేనొక్కదాన్నే.

ఇంకో సంగతి. నా పేరు ప్రణీత. నక్షత్రం ప్రకారం 'ప' వచ్చిందట, పంతులుగారు చెప్పారట. ఊరి పేరు మార్చి చెప్పొచ్చు, సొంత పేరు ఎలా మారుస్తాం? స్కూల్లో హాజరు పిలిస్తే "ప్రెజెంట్ మేడమ్" అనాలి. నేను "ఎస్ మేడమ్" అనేదాన్ని. పొగరు అనుకున్నారు. క్యాంటీన్లో పూరీ తినాలనిపిస్తే ఇడ్లీ చెప్పేదాన్ని. నాకు ఇడ్లీ అంటే ప్రాణమని నా ఫ్రెండ్స్ ఇప్పటికీ నమ్ముతారు.

మా నానమ్మ నా చిన్నప్పుడు వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసేది. గలగలా మాట్లాడేవాళ్లని వసపిట్ట అంటాం చూడండి, ఆ వస. పాపం, నా విషయంలో డోసు సరిపోలేదు.

కానీ ఒక వింత ఉండేది. పొద్దున అసెంబ్లీలో ప్రతిజ్ఞ చెప్పేటప్పుడు నాకు ఒక్కసారి కూడా నత్తి రాలేదు. నల్గొండ జిల్లాకి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో రాసిన ప్రతిజ్ఞ అది, మొదట తెలుగులోనే రాశారు. (ఆయన పేరు కూడా 'ప'తోనే!) వందల మందితో కలిసి గొంతెత్తి చెప్పేదాన్ని, ఒక్క అక్షరం తడబడేది కాదు. బెల్ కొట్టి క్లాసులోకి వెళ్లగానే మళ్లీ మామూలే. అదే నోరు, అదే నాలుక. మరి పది నిమిషాల్లో ఏం మారింది? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్లు తినేసింది. ఎవర్నైనా అడుగుదామంటే, అడగడానికీ నోరే కావాలి కదా.

డిగ్రీలో నాది మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్. ఫైనలియర్‌లో ఒక రాత్రి ఫోన్లో "అందరితో కలిసి చదివితే నత్తి ఎందుకు రాదు" అని వెతుకుతుంటే ఒక పదం పదే పదే తగిలింది. కాగ్నిటివ్ సైన్స్. దాంట్లో పీజీ ఉందని, మన దేశంలోనే చదవొచ్చని ఆ రాత్రే తెలిసింది. అలహాబాద్ యూనివర్సిటీలో 2002లోనే దీనికోసం ఒక సెంటర్ పెట్టారు. ఐఐటీ గాంధీనగర్‌లో, ఐఐటీ కాన్పూర్‌లో ఉంది. మన గచ్చిబౌలిలో, సెంట్రల్ యూనివర్సిటీలోనూ న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ ఉంది. ఇన్నేళ్లూ మా ఇంటికి అంత దగ్గర్లో ఉన్నా నాకు తెలీదు. నేను చదివింది ఎక్కడో చెప్పను. ఇందులో మా క్లాస్‌మేట్స్ పరువు సంగతులున్నాయి.

ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ బ్లౌజుకి హుక్స్ కుడుతోంది.

"గదేం సదువు బిడ్డా? మెదడు డాక్టరా?"

"కాదమ్మా."

"మరి కంప్యూటరా?"

"అది కూడా ఉంటది."

"పిచ్చోళ్లకు సూసేటిదా?"

"సైకాలజీ ఉంటది. భాష ఉంటది, ఫిలాసఫీ ఉంటది..."

అమ్మ సూది ఆపి నాన్న వైపు చూసింది. నాన్న ఇండస్ట్రియల్ ఏరియాలో మెషిన్ ఆపరేటర్. "అన్నీ ఉన్నయంటే ఏదీ లేనట్టే" అన్నాడు. నిజం చెప్పొద్దూ, మొదటి సెమిస్టర్ అయ్యేసరికి నాక్కూడా నాన్న మాటే కరెక్టేమో అనిపించింది.

ఎందుకంటే మా క్లాసులో ప్రతి ఒక్కరూ ఇంకొకరి సబ్జెక్టులో నిరక్షరాస్యులే. బీటెక్ వాళ్లున్నారు. ఎంబీబీఎస్ చేసి వచ్చిన అక్క ఒకామె ఉంది. కలకత్తా నుంచి లింగ్విస్టిక్స్ అమ్మాయి, కేరళ నుంచి ఫిలాసఫీ అబ్బాయి. సోమవారం పైథాన్ ల్యాబులో ఫిలాసఫీ అబ్బాయి ఏడుపు మొహం. మంగళవారం జాన్ సెర్ల్ 1980లో రాసిన 'చైనీస్ రూమ్' వాదన మీద చర్చ. చైనీస్ రాని మనిషి గదిలో కూర్చుని, రూల్స్ పుస్తకం చూసి చైనీస్‌లో జవాబులిస్తే అతనికి చైనీస్ వచ్చినట్టా, రానట్టా అని. ఆ రోజు బీటెక్ వాళ్ల ఏడుపు మొహం. బుధవారం మెదడు అనాటమీ. డాక్టరక్క తప్ప మిగతా అందరివీ ఏడుపు మొహాలే.

1978లో అమెరికాలో స్లోన్ ఫౌండేషన్ కోసం రాసిన ఒక రిపోర్టులో ఈ చదువుని ఆరు మూలల బొమ్మగా గీశారు. ఫిలాసఫీ, సైకాలజీ, లింగ్విస్టిక్స్, కంప్యూటర్ సైన్స్, ఆంత్రోపాలజీ, న్యూరోసైన్స్. ఏ మూలకి ఆ మూల ఒంటరిగా మనసుని అర్థం చేసుకోలేదు, గీతలు కలపాలి అన్నది ఉద్దేశం. బొమ్మలో గీతలు కలపడం సులువే. ఆ గీతల మీద నడిచేవాడికి తెలుస్తుంది.

నాకు మాత్రం ఒక సౌకర్యం ఉంది. అడగడానికి ఒకే ఒక్క ప్రశ్న ఉంది. ఏ మూలకి వెళ్లినా అదే అడిగేదాన్ని, ఎక్కువగా చీటీ మీద రాసి. ప్రతి మూలా వేరే జవాబు ఇచ్చింది. న్యూరోసైన్స్ సార్ మాటల టైమింగ్ చూసుకునే మెదడు సర్క్యూట్ల గురించి చెప్పారు. జన్యువుల సంగతీ చెప్పారు. నత్తి ఎక్కువగా ఉన్న పాకిస్తానీ కుటుంబాల మీద పరిశోధన చేసి, ఒక జన్యువులో మార్పుకి దీనితో సంబంధం ఉందని 2010లో ప్రచురించారట. లింగ్విస్టిక్స్ మేడమ్ ఇంకో వైపు నుంచి పట్టుకుంది. "నీకు పదం మధ్యలో ఎప్పుడైనా ఆగిందా?" అంది. ఆలోచిస్తే, దాదాపు ఎప్పుడూ లేదు. మొదటి అక్షరమే. మన తెలుగు పదాలు రైలంత పొడుగుంటాయి కదా, ఇంజిన్ కదిలితే చాలు, బోగీలన్నీ వెనకే వచ్చేస్తాయి. స్టాటిస్టిక్స్ క్లాసులో మరో సంగతి తెలిసింది. చిన్నప్పుడు సుమారు నూటికి ఐదుగురికి నత్తి వస్తుంది, ఎక్కువ మందికి దానంతట అదే పోతుంది, పెద్దయ్యాక నూటికి ఒకరికి మిగులుతుంది. మిగిలినవాళ్లలో నలుగురు మగవాళ్లకి ఒక్క ఆడది. అంటే నేను చాలా అరుదైన లాటరీ కొట్టానన్నమాట.

ఒక ల్యాబ్ క్లాసు సరదాగా గడిచింది. 1935లో స్ట్రూప్ చేసిన ప్రయోగం ఉంది. 'ఎరుపు' అనే మాటని నీలం రంగులో రాసి, రంగు ఏంటో చెప్పమంటారు. చదవకుండా ఉండలేం, అందుకే తడబడతాం. నేను తెలుగు లిపిలో కార్డులు తయారుచేశాను. నేను నత్తనడక. కలకత్తా అమ్మాయి మాత్రం టకటకా చెప్పేసింది. దానికి తెలుగు చదవడం రాదుగా! చదువు రాకపోవడం వల్ల గెలిచిన పరీక్ష జీవితంలో అదొక్కటేనని అది గోల.

ఎథిక్స్ క్లాసు మాత్రం నవ్వించలేదు. 1939లో అమెరికాలో, అయోవా యూనివర్సిటీలో వెండెల్ జాన్సన్ అనే ప్రొఫెసర్ ఉండేవాడు. ఆయనకే చిన్నప్పటి నుంచి నత్తి. నత్తి పిల్లల నోట్లో కాదు, తల్లిదండ్రుల చెవిలో మొదలవుతుందని ఆయన నమ్మకం. అది పరీక్షించడానికి ఆయన స్టూడెంట్ మేరీ ట్యూడర్ 22 మంది అనాథ పిల్లల దగ్గరికి వెళ్లింది. వాళ్లలో బాగా మాట్లాడే కొందరు పిల్లలకి "నీకు నత్తి వస్తోంది, సరిగ్గా రాకపోతే మాట్లాడకు" అని నెలల తరబడి చెప్పారు. ఆ పిల్లలకి నిజంగా నత్తి రాలేదు. కానీ మాట్లాడటం తగ్గించేశారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం, ముడుచుకుపోవడం. 2001లో పత్రికలో బయటపడేదాకా లోకానికి పెద్దగా తెలీదు. అప్పుడు యూనివర్సిటీ క్షమాపణ చెప్పింది. 2007లో అయోవా రాష్ట్రం 9,25,000 డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది.

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఆ పిల్లల మీద జాలితోనే కాదు. జాన్సన్ మీద కోపం రావాలి కదా, వచ్చింది కూడా. కానీ నత్తి ఉన్న మనిషి, తన నత్తి ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలన్న ఆత్రంలో అక్కడిదాకా వెళ్లాడు. ఆ ఆత్రం నాకు తెలుసు. అదే భయమేసింది.

ఇక అసలు రోజు. రెండో సెమిస్టర్, సైకోలింగ్విస్టిక్స్ ల్యాబ్. మైకు, హెడ్‌ఫోన్స్, ల్యాప్‌టాప్. మనం మైకులో మాట్లాడింది సెకనులో ఐదో వంతు ఆలస్యంగా మన చెవికే వినిపిస్తుంది. 1950లో బెర్నార్డ్ లీ అనే ఆయన దీని గురించి రాశాడు. ఇలా వింటూ మాట్లాడితే మామూలు మనుషులు తడబడతారు. ఆయన దాన్ని 'కృత్రిమ నత్తి' అన్నాడు.

మొదట మా కాలేజ్ డిబేట్ హీరో కూర్చున్నాడు. ఇంగ్లిష్ పేరా ఒకటి చదవాలి. రెండో లైనుకే సాగదీయడం మొదలుపెట్టాడు. మూడో లైనులో అక్షరం మీద అక్షరం. మొహం ఎర్రబడింది. తాగి మాట్లాడుతున్నట్టుంది. ఒకరి తర్వాత ఒకరు, అందరూ అంతే. డాక్టరక్క హెడ్‌ఫోన్స్ పీకేసి, "ఏంటిది, నా నోరు నా మాట వినట్లేదు!" అంది. ఎవరూ ఏమీ అనలేదు కానీ, రెండు మూడు తలలు నా వైపు తిరిగి మళ్లీ దించుకున్నాయి. నేను రోజంతా ఎలా ఉంటానో వాళ్లకి అర నిమిషం తెలిసింది.

చివర్లో నా వంతు. వద్దన్నాను. మేడమ్ బలవంతం చేయలేదు. అందుకే కూర్చున్నాను, బలవంతం చేసి ఉంటే కూర్చునేదాన్ని కాదు. చదవడం మొదలుపెట్టాను. కొంచెం నెమ్మదిగా, కానీ ఆగలేదు. మధ్యలో మాటలు 'ప'తో వస్తున్నాయి, దాటిపోతున్నాయి. మలుపు దగ్గర బ్రేక్ వేద్దామని కాలు సిద్ధంగా పెట్టుకుంటే మలుపే రానట్టు. పేరా అయిపోయింది. అందరికీ నత్తి వచ్చిన గదిలో, రానిది నాకొక్కదానికే.

ప్రతిజ్ఞలో జరిగింది కూడా ఇలాంటిదేనని మేడమ్ చెప్పింది. చెవిలో ఇంకో గొంతు తోడుగా వినిపిస్తే చాలామంది నత్తి ఉన్నవాళ్లకి మాట సులువవుతుంది. ఎందుకన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. వెంటనే ఇంకో మాట కూడా చెప్పింది, "ఇది మందు కాదు. కొందరికి పనిచేయదు, కొందరికి కొన్నాళ్లే." నేను రెండో సగం వినలేదు. హాస్టల్‌కి వెళ్లి ఫోన్లో అలాంటి యాప్ ఒకటి వేసుకున్నాను.

మూడు వారాలు నేను రాణిని. హాస్టల్ మెస్‌లో "పప్పు" అని అడిగి వేయించుకున్నాను. పప్పు! నాన్నకి ఫోన్ చేసి నాలుగు నిమిషాలు మాట్లాడాను, నాన్న కాసేపు రాంగ్ నంబర్ అనుకున్నాడు. నాలుగో వారం నుంచి పట్టు సడలింది. ఆ ఆలస్యపు గొంతుకి నా మెదడు అలవాటు పడిపోయిందో ఏమో.

అప్పుడే సెలవులు, అప్పుడే మా మేనమామ తెచ్చిన సంబంధం. అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్. అమ్మకి యాప్ సంగతి చెప్పడం నా తప్పే. "గా మిషన్ చెవుల పెట్టుకొని కూసో బిడ్డా, జుట్టు ఇడిసిపెడితే కనవడది" అంది. వద్దని చెప్పొచ్చు. చెప్పలేదు. నాక్కూడా, ఒక్కసారి, అందరు ఆడపిల్లల్లా పేరు చెప్పాలనిపించింది.

ఒక విషయం మర్చిపోయాను. అప్పటిదాకా వాడింది వైరు ఇయర్‌ఫోన్స్. ఆ రోజు పెట్టుకున్నవి బ్లూటూత్. బ్లూటూత్ తనంతట తనే ఇంకొంచెం ఆలస్యం కలుపుతుంది. పైగా ఫోన్ మైకు గదిలో అందరి గొంతులూ పట్టుకుంది. దాంతో మామయ్య ఒక మాట రెండుసార్లు, పెళ్లికొడుకు నాన్న ఒక మాట రెండుసార్లు, టీ కప్పుల చప్పుడు కూడా రెండుసార్లు. తిరునాళ్లలో మైకు దగ్గర కూర్చున్నట్టుంది.

"నీ పేరేంది బిడ్డా?" అని అబ్బాయి మేనత్త అడిగింది. రెండుసార్లు వినిపించింది.

పెదాలు అతుక్కుపోయాయి.

అటువంటప్పుడు కాలం ఎలా ఉంటుందో తర్వాత చదువుకున్నాను. పది భాషల సంభాషణలు పోల్చి చూసిన ఒక పరిశోధన 2009లో వచ్చింది. ఒకరు మాట ముగించాక ఇంకొకరు మొదలుపెట్టడానికి మధ్య ఖాళీ సగటున సెకనులో ఐదో వంతు, కొంచెం అటూ ఇటూగా. బొమ్మ చూసి దాని పేరు చెప్పడానికే మనకి సెకనులో సగం పైన పడుతుంది. అంటే మనుషులు ఎదుటివాళ్ల మాట ముగియకముందే జవాబు వండుకుంటారు. అంత వేగంగా తిరిగే చక్రంలో నాలుగు సెకన్లు ఆగితే, వినేవాళ్లకి అది యుగం. ఖాళీ భరించలేక వాళ్లే పూరిస్తారు.

"ప్రమీలనా?" అంది మేనత్త. నేను తల అడ్డంగా ఊపాను. "పావనా? పద్మనా?" మంచిగానే, నవ్వుతూనే. అది చాలెంజ్ షోలా తయారైంది. నేను జుట్టు వెనక్కి తోసి, రెండు ఇయర్‌బడ్స్ తీసి టీపాయ్ మీద పెట్టాను. అమ్మ మొహం చూడలేదు.

"ప్...ప్...ప్రణీత" అన్నాను. "నాకు నత్తి ఉంది. కొంచెం ఆగితే చెప్తాను."

అబ్బాయి ఏదో అనబోయి ఆగాడు. మంచివాడే అనిపించింది. వాళ్లు ఫోన్ చేస్తామని వెళ్లారు. చేయలేదు. అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత ఒకరోజు ఊరికే అడిగింది, "నేను నీ మాట అందుకుంటే నీకు కోపమొస్తదా?"

ఇరవై రెండేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. అదే నా థీసిస్ అయింది. నత్తి ఉన్నవాళ్ల నోటి గురించి కాదు, వినేవాళ్ల గురించి. ఎంతసేపు ఆగుతారు, ఎప్పుడు మాట అందుకుంటారు, ఎంత తప్పుగా అందుకుంటారు. చిన్న పని, పెద్ద మాటలు చెప్పుకునేంత ఫలితాలేం లేవు. కానీ ఆరు నెలలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మనుషుల మధ్య నిశ్శబ్దాలు కొలిచాను. కొలిచే సాఫ్ట్‌వేర్ పేరు 'ప్రాట్'. డచ్ భాషలో 'మాట్లాడు' అని అర్థమట. ఎక్కడికి వెళ్లినా 'ప్ర' నన్ను వదలదు. ఈ పనికి పైథాన్ కావాల్సి వచ్చింది, లింగ్విస్టిక్స్ కావాల్సి వచ్చింది, నా డిగ్రీ స్టాటిస్టిక్స్ అక్కరకొచ్చింది. 'అన్నీ ఉన్నాయంటే ఏదీ లేనట్టే' అన్న నాన్నకి ఇది చెప్దామనుకున్నాను. ఆయన అడిగింది వేరే. "కొలువెప్పుడు?"

న్యాయమైన ప్రశ్నే, దాచడానికేం లేదు. దీనికి బీటెక్‌కి వచ్చినట్టు కంపెనీలు వరసకట్టి రావు. మా వాళ్లలో కొందరు పీహెచ్‌డీకి వెళ్తున్నారు, కొందరు యాప్‌లు వాడేటప్పుడు మనుషులు ఎక్కడ తికమకపడతారో చూసే యూజర్ రీసెర్చ్ ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. నేను ఒక స్పీచ్ టెక్నాలజీ టీమ్‌కి అప్లై చేశాను. మొదటి రౌండ్ ఫోన్ ఇంటర్వ్యూ. ఫోన్ ఎత్తి ఏమీ అనకుండా నాలుగు సెకన్లు ఉండిపోతే, అవతలివాళ్లు లైన్ కట్ అయిందనుకుని పెట్టేశారు. మళ్లీ నేనే చేశాను. ఈసారి పేరుతో కాదు, "ఆగండి, లైన్లోనే ఉన్నాను" అని మొదలుపెట్టాను. రిజల్ట్ ఇంకా రాలేదు.

ప్రస్తుతానికి ఇంట్లోనే ఉన్నాను. అమ్మకి నా థీసిస్ మొత్తం ఒక్క మాటలో చెప్పాను. నేను ఆగినప్పుడు నువ్వు లోపల అంకెలు లెక్కపెట్టుకో, నా మాట మాత్రం అందుకోకు అని. లోపల లెక్కపెట్టడం అమ్మకి చేతకాదు. పైకే, వేళ్లు మడుస్తూ, కూరలో ఉప్పు చూసినంత సీరియస్‌గా లెక్కపెడుతుంది. నిన్న పొద్దున నేను "ప్..." దగ్గర ఆగాను. ఒక వేలు, రెండో వేలు, మూడో వేలు.

"గింతసేపు ఆగుడు నాతోని కాదు బిడ్డా" అంది, నాలుగో వేలు మడుస్తూ.

"పూరీ" అన్నాను.